నాలుగో ఫైలు

పోయిన వారం కత్తెరను గుడ్డ మధ్యలోనే వదిలేసి ఆగాం. కత్తెర పట్టి బతికేవాళ్ళెవరూ అలా వదలరు. యూనిఫారాలు కుట్టే ఆ కొట్లో అది ఏళ్ళ తరబడి నడుస్తున్న కట్టుబాటు. కోత మొదలుపెడితే చివరి అంచు దాకా వెళ్ళే ఆగాలి. మధ్యలో దాహం వేసినా, ఫోను మోగినా, కొంప అంటుకున్నా సరే. పన్నెండు పొరలు పేర్చిన గుడ్డలో ఆపిన కోతను మళ్ళీ అందుకుంటే నూలుపోగంత మందం పక్కకు పోతుంది, పన్నెండు కోట్లూ వంకర పోతాయి. ఆ కట్టుబాటు పెట్టింది కత్తెరమ్మే. అలాంటి కత్తెరమ్మ సోమవారం పొద్దున్న బ్యాండు మేళం వాళ్ళ ఎర్రకోట్ల గుడ్డలో కత్తెరను అలాగే వదిలేసి, పొట్ట పట్టుకుని వెనక గదికి పరుగెత్తింది. మిషను ముందు కూర్చున్న ఆడపడుచు కత్తెరను చూసింది, మూసుకున్న తలుపును చూసింది, ఆ తర్వాత గోడ గడియారం వైపు చూసింది.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కత్తెరమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎక్కడా వినబడదు. కొట్లో కటింగు ఆమెది, కుట్టుపని ఆమె భర్తకు అక్కగారైన వదినది. భర్త బస్సు నడుపుతాడు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడేది ఆయనే కనుక ఈ వారం ఆయన్ని డ్యూటీకి పంపేశాను, మనకు చోటు చాలదు. ఇక వదిన సంగతి. నలభై ఏడేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే "నాకూ ఈ మిషనుకీ ఎప్పుడో ముడి పడిపోయింది" అంటుంది. తమ్ముడి పెళ్ళైన కొత్తలో ఎంబ్రాయిడరీ నేర్చుకుంటానని ఊరు దాటి పిన్ని ఇంటికి వెళ్ళి, ఆరు నెలలు ఉండి, ఒక్క పువ్వు కుట్టడం కూడా రాకుండా తిరిగొచ్చిన ఘనురాలు. ఆ జోకు ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా చెలామణిలో ఉంది. వదిన కూడా నవ్వుతుంది.

కత్తెరమ్మ ఒంట్లో మూడు జబ్బులు కాపురం పెట్టాయి. మొదట మోచేతుల మీద పొలుసులు రాలే మచ్చలు వచ్చాయి. తర్వాత వేళ్ళ కీళ్ళు వాచాయి. ఆ తర్వాత ఎడమ కన్ను ఎర్రబడి, కిటికీ వైపు చూస్తేనే సూదులు గుచ్చినట్టయ్యేది. మూడూ ఒకే తానులో ముక్కలని డాక్టర్లు చెప్పారు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే ఒంటి మీద పడిందట. కంచే చేను మేసిందన్నమాట.

మందుల కథ రెండేళ్ళ కథ. వారానికొకసారి వేసుకునే మాత్రలు వేసిన మర్నాడంతా వాంతులు చేయించి, చివరికి కాలేయం పరీక్షలో తప్పాయి. వాపు తగ్గించే మాత్రలు ముఖాన్ని గుండ్రంగా ఊదేలా చేస్తే, చూడవచ్చిన చుట్టాలు "కాస్త ఒళ్ళు చేశావు, ఇప్పుడు బాగున్నావమ్మా" అని మెచ్చుకుని వెళ్ళారు. మొదటి ఇంజెక్షను చేతులకు కొంచెం పనిచేసింది, కంటికి మాత్రం పనికిరాలేదు. ఆ రోజుల్లో కత్తెరమ్మ జాకెట్టు గుండీలు వదినే పెట్టేది, తల కూడా వదినే దువ్వేది. అంతవరకూ "మీరు" అని పిలిచే మరదలు, మొదటిసారి గుండీలు పెట్టించుకున్న రోజున ఏడుస్తూ "నువ్వు" అనేసింది. వదిన సరిదిద్దలేదు, మరదలు మళ్ళీ మార్చలేదు.

చివరికి రెండో ఇంజెక్షను వచ్చింది. పెన్నులా ఉంటుంది, నెలకొకటి. మొదలుపెట్టిన ఆరో వారంలో ఒకరోజు పొద్దున్నే కత్తెరమ్మ కొట్టు తెరిచి, వదిన రాకముందే కత్తెర పట్టి, తెల్లటి పాత దుప్పటిని అంచు నుంచి అంచుకు తిన్నగా కోసింది. ఆ దుప్పటి ఎవరిదీ కాదు, దానితో ఎవరికీ పనిలేదు. ఊరికే కోసింది. అది చూసి వదిన గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకుంది.

ఆ చేతులు తిరిగొచ్చి ఇప్పటికి ఏడు నెలలు.

*

కత్తెరమ్మ వెనక గది నుంచి వచ్చేసరికి పద్నాలుగు నిమిషాలైంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. వచ్చీ రాగానే ఏమీ జరగనట్టు కత్తెర అందుకోబోయింది.

"ఏమైంది?" అంది వదిన.

"ఏం తిన్నానో, పడలేదు వదినా."

"ఏదైనా తింటే కదే, పడిందో లేదో తేలేది! నిన్న పళ్ళెం ముందు కూర్చుని వేలితో బొమ్మలు గీశావు."

కత్తెరమ్మ నవ్వింది. నవ్వుతూనే బల్ల అంచు పట్టుకుంది. వదిన లేచి, అలమార తెరిచి, మడతపెట్టిన ముదురు నీలం కోటు ఒకటి తీసింది. ఏడాదికోసారి మిగిలిన గుడ్డతో తమకోసం తామే ఒక్కో పనికోటు కుట్టుకోవడం వాళ్ళ అలవాటు. కొలతల పుస్తకం చూసి కోసింది కత్తెరమ్మే, పోయిన వారం కుట్టు పూర్తి చేసింది వదిన.

"వేసుకో."

"సాయంత్రం వేసుకుంటాలే. పని మధ్యలో ఉంది."

"పని మధ్యలో వదిలేసింది నేను కాదు. వేసుకో."

వేసుకోక తప్పలేదు. గుండీలు పెట్టుకుంది. భుజాలు సరిగ్గానే కూర్చున్నాయి. నడుం దగ్గర మాత్రం కోటు ఇద్దరు మనుషులకు సరిపోయేలా వేలాడింది. వదిన మెడలోంచి టేపు తీసి మరదలి నడుం చుట్టూ వేసింది. ముందు చూసింది, వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ వేసింది.

"పుస్తకంలో ముప్ఫై ఒకటి. టేపు మీద ఇరవై ఏడున్నర."

"పుస్తకంలో తప్పు రాసి ఉంటావు."

"ఆ రాత నీది."

వదిన టేపు మీది అంకెను వేలితో పట్టి చూపించింది.

"కొలతలు రాసి నాలుగు నెలలు. నాలుగు నెలల్లో మూడున్నర అంగుళాలు ఎటు పోయాయే? మనుషులు బొంకుతారు గానీ టేపుకేం అవసరం?"

బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొడుతూ వెళ్ళారు. కత్తెరమ్మ కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది. మూడో గుండీ దగ్గర ఆగిపోయింది.

"రక్తం పడుతోంది వదినా," అంది, గుండీతోనే చెబుతున్నట్టు. "రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్తున్నా. కడుపులో పిండేసినట్టుంటుంది. నొప్పి ఇంకా ముందునుంచే ఉంది, రక్తం రెండు నెలల నుంచి."

వదిన టేపును చుట్టచుట్టింది. చుట్టిందాన్ని విప్పి మళ్ళీ చుట్టింది. ఆమెకు కోపం వచ్చిందని చెప్పడానికి వేరే గుర్తులు అక్కర్లేదు.

"రెండు నెలలు. పోయిన నెలే కదా కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చావు? ఆవిడతో ఏం చెప్పావు?"

"చేతులు బాగున్నాయని చెప్పాను."

"కడుపు సంగతి?"

"ఆవిడ కీళ్ళ డాక్టరు కదా. కడుపుతో ఆవిడకేం పని?"

"నా దగ్గరా నీ నాటకాలు?"

కత్తెరమ్మ కుర్చీలో కూలబడింది. రెండు చేతులూ బల్ల మీద, ఎర్ర గుడ్డ పక్కన చాచింది. వేళ్ళు తిన్నగా ఉన్నాయి. చూపుడువేలు కణుపు దగ్గర పాత వాపు గుర్తు మాత్రం ఉంది.

"చెబితే ఇంజెక్షను ఆపేస్తారు వదినా," అంది. "ఆ మందు కాగితం నేను భూతద్దం పెట్టుకుని మొత్తం చదివాను. పేగుల్లో తేడా వస్తే వెంటనే డాక్టరుకి చెప్పండి అని రాసుంది. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్ళీ ఆ మాత్రలు, ఆ వాంతులు. మళ్ళీ నా గుండీలు నువ్వు పెట్టాలి. నీకు విసుగు లేదు, తెలుసు. విసుగు నాకు. నలభై రెండేళ్ళ మనిషిని చంటిపిల్లలా చెయ్యి చాచి నిలబడటం. కడుపు నొప్పి ఎవరికీ కనబడదు. ఓర్చుకుంటాను. చేతులు లేకపోతే నేనెవర్ని? కత్తెర పట్టలేని కత్తెరమ్మని ఏమని పిలుస్తారు? నాలుగో ఫైలు కొనాలనిపించలేదు వదినా. ఉన్న మూడే మోయలేకపోతున్నా."

ఇక్కడ కథ చెప్పేవాణ్ణి పక్కన నిలబడి ఒక మాట అనాలి. ఆమె చేసింది తప్పే, అందులో సందేహం లేదు. కానీ రెండేళ్ళు పళ్ళెంలోని అన్నం కలుపుకోలేని చేతులతో బతికినవాళ్ళు, ఆ చేతులు తిరిగొచ్చాక వాటి కోసం ఏం దాచరో చెప్పండి. నాకైతే ఆమె మీద కోపం రావడం లేదు. వదినకు వచ్చింది, ఆ హక్కు వదినకుంది.

"ఒక్క సంగతి అడుగుతా చెప్పు," అంది వదిన. "కోటు కోసినప్పుడు ముక్కలన్నీ ఏం చేస్తావు?"

"కట్ట కడతాను."

"ఎందుకు?"

"ఒకరి చెయ్యి ఇంకొకరి కోటుకి పోకుండా."

"కట్ట విప్పి ఒక్క చేతిముక్క నాకిచ్చి, ఇది కుట్టు అంటే కుట్టగలనా? పోయినేడాది ఒక కట్ట విడిపోతే నన్ను రోజంతా సాధించావు. మరి నిన్ను నువ్వెందుకే ఇలా ముక్కలు కోసుకున్నావు? చర్మం ఒక డాక్టరుకి, కన్ను ఒక డాక్టరుకి, కీళ్ళు ఒకావిడకి. కడుపు ముక్క మాత్రం నీ జేబులో. వాళ్ళు మాత్రం ఏం కుడతారు?"

కత్తెరమ్మ ఎర్ర గుడ్డ అంచు సవరించింది.

"దాచిన జబ్బు దాచినకొద్దీ ముదురుతుంది. నాకు తెలీదనుకున్నావా?"

"నీకెలా తెలుస్తుంది? జలుబు తప్ప నీకేం జబ్బు చేసిందని?"

వదిన గబుక్కున మిషను వైపు తిరిగి తొక్కడం మొదలుపెట్టింది. మిషను గడగడ నడిచింది. సూదికి దారం ఎక్కించలేదన్న సంగతి కాసేపటికి గాని ఆమె చూసుకోలేదు.

*

ఆ సాయంత్రమే బల్ల మీద ఖాకీ కాగితం పరిచారు. కోటు నమూనాలు గీసుకునే మందపాటి కాగితం, మనిషి పొడుగున. కత్తెరమ్మ ఇంటి నుంచి ఫైళ్ళు తెచ్చింది. కీళ్ళది నీలం, చర్మానిది ఆకుపచ్చ, కంటిది పసుపు. మూడూ మూడు చోట్ల దాచేది. ఒకదాన్ని చూసి ఇంకోటి భయపడుతుందన్నట్టు ఎప్పుడూ కలిపి పెట్టలేదు.

వదిన చీటీలు చదివి తేదీలు చెప్పింది. కత్తెరమ్మ కొలబద్ద పెట్టి కాగితం పొడుగునా నాలుగు గీతలు గీసింది. నెలలు అడ్డంగా రాసింది. ఎప్పుడు ఏది ముదిరిందో సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. ఏ మందు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో నిలువు గీతలు గీసింది. నాలుగో గీతకు చీటీల్లేవు, జ్ఞాపకమే ఉంది.

గీసి, అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి వేసి చూసింది. కత్తెరమ్మకు దగ్గర్నుంచి కనబడని వంకర దూరం నుంచి కనబడుతుంది.

"వదినా, ఇటు రా. కన్ను ఎర్రబడింది ఒక్కసారి కాదు. మూడుసార్లు. మూడూ మొదటి ఇంజెక్షను రోజుల్లోనే. నేను ఒక్కటే అనుకున్నా."

"ఒక్కొక్కసారీ ఒక్కొక్క చీటీ. నువ్వు ఎప్పుడు కలిపి చూశావు గనక?"

"కడుపు నొప్పి మొదలైంది రెండో ఇంజెక్షను మూడో నెలలో." గొంతు తగ్గిపోయింది. "ఇది నాకు ముందే తెలుసులే."

ఆ కాగితాన్ని చుట్టి, మూడు ఫైళ్ళ మీద పెట్టి, గుడ్డ అంచు పేలికతో వదిన గట్టిగా కట్ట కట్టింది. కట్టకు అంకె వేసిన చీటీ గుచ్చడం వాళ్ళ పద్ధతి. వదిన చీటీ మీద 'ఒకటి' అని రాసి గుండుసూదితో గుచ్చింది.

"ఒక మనిషి, ఒక కట్ట," అంది.

*

డాక్టరమ్మ గురువారానికి టైమిచ్చింది. తర్వాతి పెన్ను వేసుకోవాల్సింది శనివారం. అది ఫ్రిజ్‌లో, పై అరలో, తెల్లటి డబ్బాలో ఉంది. ఆ మూడు రోజులూ కత్తెరమ్మ ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ముందు ఆ డబ్బానే చూసింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాక మెల్లగా మొదలుపెట్టింది.

"వదినా, ఒక పని చేద్దామా? ఈ శనివారానికి పెన్ను వేసుకుంటా. ఎర్రకోట్లు అరవై ఉన్నాయి, కోత ఇంకా సగం కాలేదు. వచ్చే నెల చెబుదాం. అప్పుడు ఎలాగూ..."

"కట్ట విప్పకముందే బేరాలా?"

"బేరం కాదు. ఒక్క నెల."

"ఒక్క నెలలో ఇంకో రెండంగుళాలు పోతాయి. ఆపైన నీకు కోటు కాదు, దిండు గలీబు కుట్టాలి నేను."

కత్తెరమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వదిన ఆమె చెయ్యి పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. లోపల్నుంచి పిలుపు వచ్చింది. ఇన్నాళ్ళూ కత్తెరమ్మ భర్తతోనో, ఒంటరిగానో వచ్చేది. కొట్టు మూయడం ఎందుకని వదిన ఎప్పుడూ ఉండిపోయేది. ఆ గదిలోకి వదిన అడుగుపెట్టడం ఇదే మొదలు.

డాక్టరమ్మ యాభై ఏళ్ళ మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. వచ్చినవాళ్ళ చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో కణుపునూ బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఆమె తెల్లకోటు ఎవరు కోశారో గానీ కుడి భుజం అరంగుళం జారి ఉంటుంది. వచ్చినప్పుడల్లా కత్తెరమ్మకు అదొక బాధ.

"చేతులు చాలా బాగున్నాయి," అంది డాక్టరమ్మ, ఎప్పటిలాగే సంతోషంగా. "ఇంకేమైనా ఉందా?"

కత్తెరమ్మ నోరు తెరిచింది. వదిన ఆమె వైపు చూడలేదు. కట్టను మాత్రం మరదలి ఒళ్ళో పెట్టింది. విప్పాల్సింది నువ్వేనన్నట్టు.

కత్తెరమ్మ పేలిక ముడి విప్పింది. ఖాకీ కాగితం డాక్టరమ్మ బల్ల పొడుగునా పరిచింది. నాలుగో గీత మీద వేలు పెట్టి, రెండు నెలల సంగతి మొత్తం చెప్పింది. రక్తం సంగతి, పరుగులు, నడుం కొలత, అన్నీ. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కోతకు పెట్టుకున్న కట్టుబాటే మాటకీ పనికొచ్చింది.

డాక్టరమ్మ చాలాసేపు కాగితం చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"కన్ను మూడుసార్లా?"

"అవునండీ."

"కంటి డాక్టరు నుంచి నాకు వచ్చిన ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది. కన్ను ఎర్రబడింది, చుక్కలమందుతో తగ్గింది అని. మూడుసార్లని ఇవాళ ఈ కాగితం మీద చూస్తున్నాను. అప్పుడే తెలిసుంటే ఈ రెండో ఇంజెక్షను బదులు వేరేది ఎంచుకునేదాన్నేమో." ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "వచ్చిన ప్రతిసారీ ఎలా ఉన్నారని అడిగాను. మీరు చేతులు బాగున్నాయన్నారు. నేనూ అక్కడితో ఆగిపోయాను. మీరు దాచిందెంతో, నేను అడగందీ అంతే."

డాక్టరు నోట అలాంటి మాట వస్తుందని కత్తెరమ్మ అనుకోలేదు. తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషి, తిట్లు పడకపోయేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇప్పుడేంటండీ?" అంది వదిన.

"ఈ ఇంజెక్షను కీళ్ళకీ చర్మానికీ మంచిది. కొద్దిమందిలో మాత్రం పేగుల్లో ఉన్న జబ్బుని లేపుతుంది. మీ విషయంలో ఇదే లేపిందో, దానంతట అదే లేచిందో పేగు పరీక్ష చేస్తే గాని చెప్పలేను. పేగుల డాక్టరుతో ఇప్పుడే మాట్లాడతాను. శనివారం పెన్ను మాత్రం వేసుకోకండి."

"చేతులు?" అంది కత్తెరమ్మ.

"పట్టేయవచ్చు. అబద్ధం చెప్పను."

"ఎన్నాళ్ళు?"

"ఇంకో మందు ఉంది. కీళ్ళు, చర్మం, కన్ను, పేగు, నాలుగింటికీ పనికొచ్చే మందు. మీకు పడుతుందని ఒట్టేసి చెప్పలేను, కానీ ఈ కాగితం చూశాక నా ఆశంతా దాని మీదే ఉంది. పరీక్షలు త్వరగా అయితే మూడు, నాలుగు వారాల్లో మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత అది పట్టుకోవడానికి ఇంకొన్ని వారాలు."

కత్తెరమ్మ తన చేతులు చూసుకుంది. అరవై ఎర్రకోట్లు, అందులో కోయాల్సినవి ముప్ఫై ఆరు. చేతులు పట్టేయడానికి పదిరోజులు పడుతుందేమో, రెండు వారాలో. పన్నెండు పొరల చొప్పున మూడు పేర్పులు. ఆ తర్వాత ఏమో. మళ్ళీ గుండీలు. మళ్ళీ దువ్వెన. ఈసారి చివర ఒక మందు పేరుంది, అది తేడా. కాకపోతే పేరు ఉండటం వేరు, పడటం వేరు. రెండేళ్ళలో ఆమె ఆ పాఠం నాలుగుసార్లు నేర్చుకుంది.

"ఆపేయండి," అంది. "పెన్ను రేపు తెచ్చి మీకే ఇచ్చేస్తా. ఇంట్లో ఉంటే నన్ను నేను నమ్మను."

వదిన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. సొరుగులోంచి ఒక ఫారం తీసింది.

"కొత్త మందుకి ముందు ఇవి నింపాలి. రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే. కొన్ని ప్రశ్నలు. ఇవన్నీ మీకు పాతవే." రాసే పెన్ను తెరిచి వరసగా అడిగింది. కాలేయం జబ్బు ఉందా, గుండెజబ్బు ఉందా, ఏదైనా మందు పడదా. కత్తెరమ్మ వరసగా జవాబులు చెప్పింది.

"ఇది కాస్త ముఖ్యం. ఈ రకం మందులు ఒంట్లో నిద్రపోతున్న క్షయని లేపగలవు. లేస్తే ఊపిరితిత్తులతో ఆగదు, ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలిస్తే భయం లేదు, దానికి మాత్రలు వేసి ఆ తర్వాత ఇది మొదలుపెడతాం. మీకు గానీ, మీతో ఒకే గదిలో ఎక్కువకాలం గడిపినవాళ్ళకి గానీ ఎప్పుడైనా క్షయ వచ్చిందా? ఇంతకుముందు రెండుసార్లు అడిగాను, లేదన్నారు. రక్త పరీక్ష కూడా లేదనే చెప్పింది. కానీ అప్పుడు మీరు వాపు తగ్గించే మాత్రలు వాడుతున్నారు. ఆ మాత్రల వల్ల పరీక్ష ఒక్కోసారి తప్పుతుంది. అందుకే మళ్ళీ అడుగుతున్నా."

"లేదండీ," అంది కత్తెరమ్మ, వెంటనే. "మా ఇంట్లో ఎవరికీ లేదు."

డాక్టరమ్మ పెన్ను 'లేదు' అన్న గడి మీదికి వెళ్ళింది.

"ఆగండి," అంది వదిన.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. వదిన బల్ల మీది ఖాకీ కాగితాన్నే చూస్తోంది. మరదలి చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఎవరికమ్మా?" అంది డాక్టరమ్మ.

"నాకు," అంది వదిన. "పంతొమ్మిదేళ్ళ కిందట. ఇది మా ఇంటికి కొత్తగా వచ్చిన రోజులు. అప్పుడు మాకు కొట్టు లేదు. కిటికీ లేని చిన్నగదిలో ఒకే బల్ల, దాని మీద ఇద్దరం. దీని పక్కన కూర్చుని మూడు నెలలు దగ్గాను. దుమ్ము పడలేదని చెప్పాను. నాకో సంబంధం కుదిరి ఉంది, అది చెడుతుందని అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. తమ్ముడికి కూడా తెలీదు. సంబంధం ఎలాగూ నిలవలేదు. మందులు పూర్తిగా వాడాను, తగ్గిపోయింది. ఇన్నేళ్ళయింది కదా, ఇక దానితో ఎవరికేం పనిలే అనుకున్నా."

డాక్టరమ్మ పెన్ను 'లేదు' గడి మీంచి పైకి లేచింది.

కత్తెరమ్మకు ఇంకా అర్థం కాలేదు. లెక్క ఎక్కడో తప్పినట్టు, నవ్వబోతున్నట్టు ముఖం పెట్టింది.

"అదేంటి వదినా? మందులెప్పుడు వాడావు? ఆ దగ్గు తర్వాత నువ్వు ఊళ్ళోనే లేవు కదా. పిన్ని వాళ్ళింటికి వెళ్ళావు. ఆరు నెలలు."

"నేను ఎంబ్రాయిడరీ నేర్చుకోవడానికి వెళ్ళలేదే," అంది వదిన.

ఆమె చేతిలో ఉన్న తన చేతిని కత్తెరమ్మ మెల్లగా వెనక్కి తీసుకుంది.